తిరిపెమునకా, తిరిపమునకా?

చాటుప్రియ: శ్రీనాథుడి చాటువు (సందర్భాన్ని బట్టి అప్పటికప్పుడు చెప్పిన పద్యం) ఒకటి పొద్దుట్నుంచి నోట్లో ఆడుతోంది: "సిరిగలవానికి జెల్లును / తరుణుల పదియారువేల దగ బెండ్లాడన్ / తిరిపెమున కిద్దరాండ్రా / పరమేశా! గంగ విడుము పార్వతి చాలున్". "తిరిపెమున కిద్దరాండ్రా" అనే నాకు వచ్చు. మా తాతయ్య మాత్రం "తిరిపమునకు" అనేవారు. ఏది సరైన పాఠం?

కందప్రియ: ఇది కందం, గణాలు (లఘువు గురువుల గుంపులు) తేల్చవండీ. పె అయినా ప అయినా లఘువే (ఒక మాత్ర పలికే అక్షరం), రెండూ నలమే (నాలుగు లఘువుల గణం). ప్రాస (పాదాల రెండో అక్షరంలో ఒకే హల్లు) "ర" మీద, మూడో పాదానికి యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన మైత్రి) లేదు. నా ఓటు మాత్రం "పె"కే. "రాండ్రా" దీర్ఘం తీస్తే ఒక మాత్ర పోతుంది, దాన్ని ఎవరూ కదపలేరు. ఇక్కడ ఆ ఆధారమే లేదు.

పాతపలక: అక్షరం సరే, అర్థమో? తిరిపెమంటే బిచ్చం, బిచ్చగాడు కాదు. "అడుక్కు తినడానికి ఇద్దరు పెళ్లాలా" అని శివుణ్ణి నిలదీయడమే ఇది.

కందప్రియ: ఒప్పుకోను. పైన "సిరిగలవానికి జెల్లును" అన్నాడు కదా, దానికెదురుగా లేనివాడే రావాలి. సిరి అంటే లక్ష్మి కూడా. 16 వేలమందిని కట్టుకున్న ఆ సిరిగలవాడికి జోడీగా బిచ్చగాడే నిలబడాలి.

పాతపలక: బిచ్చగాడే కావాలంటే "పేదవాని" అని సర్దుకోలేడా శ్రీనాథుడు!

కందప్రియ: ప్రాసకు "ర" ఎక్కణ్ణుంచి తెస్తారు పలక గారూ?

చిట్టికవి: మీరిద్దరూ "విడుము" దాటేసి పోతున్నారు. పల్నాటిలో దాహమేసి చెప్పాడని కదా కథ. "గంగ విడుము" అంటే ఆ భార్యను వదిలెయ్యమనీ, నీళ్లు వదలమనీ. నీళ్లన్న మాట ఎత్తకుండా నీళ్లడిగాడు! పద్యమంతా ఆ "గ విడుము" అనే నాలుగు లఘువుల మీద నిలబడింది.

పాతపలక: కొసమెరుపంటే ఆరుద్ర. ఆయన కూనలమ్మ పదంలో మూడు పాదాలకూ అంత్యప్రాస, నాలుగోది మకుటం (ప్రతి పద్యం చివరా తిరిగొచ్చే మాట). అంటే చురక మూడోదానికల్లా తగిలెయ్యాలి. కందానికి చివర 20 మాత్రల చోటుంది, అంత తొందరుండదు.

కందప్రియ: శ్రీశ్రీ "సిరిసిరిమువ్వా" మకుటంతో శతకం కందాల్లోనే చెప్పాడు. ఆ చోటు విలువ ఆయనకు తెలుసు.

చాటుప్రియ: ఇంతకీ "ప" సంగతి? పైగా తాతయ్య "గంగ విడువు" అనేవారని ఇప్పుడే గుర్తొచ్చింది.

చిట్టికవి: "విడువు"నా! అదీ లఘువులే. ఆగండి, రాత్రికి వస్తాను.