కత్తి కాస్త మొద్దుబారింది, రాడ్‌తో సరిపోతుందా? సాన పట్టాల్సిందేనా?

ప్రశ్న:
వంటింటి కత్తి, ఎనిమిది అంగుళాలది. మరీ మొద్దుబారలేదు. కాగితం కోస్తే పిడి వైపు సాఫీగానే దిగుతుంది, మొన దగ్గరి రెండంగుళాలకు వచ్చేసరికి పట్టేసి చింపుతోంది. పదును సరిచేసుకునే రాడ్లు రెండున్నాయి: గీతలున్న స్టీలు రాడ్ ఒకటి, తెల్ల సిరామిక్ రాడ్ ఒకటి. స్టీలు రాడ్ మీద ఓ ముప్పైసార్లు గట్టిగా రుద్దాను. ఇంకా అధ్వాన్నమైంది. రాడ్ పోయిందంటారా, నా చేతివాటం బాగోలేదంటారా?

జవాబు:
రాడ్లు పక్కన పడేసి సానరాయి మీద పెట్టండి. గొడవ వదిలిపోతుంది.

ఇంకో జవాబు:
ఇంత చిన్నదానికి రాయి దాకా ఎందుకండీ? రాయి మీద పెట్టిన ప్రతిసారీ కత్తి ఎంతో కొంత అరుగుతుంది.

ముందు వాదర పైకి వచ్చేలా పట్టుకుని, లైటు కింద మెల్లగా తిప్పి చూడండి. పదునున్న చోట ఏమీ కనబడదు. పోయిన చోట వెంట్రుకంత తెల్ల గీత తళుక్కుమంటుంది. వాదర పక్కకు ఒరిగిందనో, గుండ్రబడిందనో అర్థం. ఒరిగినదాన్ని స్టీలు రాడ్ నిలబెడుతుంది, లోహాన్ని పెద్దగా తీయదు. సిరామిక్ అలా కాదు, కాస్త గీరుతుంది కూడా. మీకు సిరామిక్ చాలు.

ముప్పైసార్లు గట్టిగా రుద్దడమే కొంప ముంచింది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుంది? పుటుక్కున తెగుతుంది. వాదరా అంతే.

కింద తడిగుడ్డ పరిచి, రాడ్‌ని దాని మీద నిటారుగా ఆనించండి. కోణానికి కొలబద్ద అక్కర్లేదు. కాగితం మూల 90 డిగ్రీలు కదా, ఒకసారి మడిస్తే 45, ఇంకోసారి మడిస్తే ఇరవై రెండున్నర. ఆ మడతను రాడ్‌కి, కత్తికి మధ్య పెట్టి చూసుకుని, దానికంటే వెంట్రుకవాసి తగ్గించండి. మామూలు వంటింటి కత్తులు చాలావాటికి 20 సరిపోతుంది. జపాన్ తరహా పలచటి కత్తులైతే 15 దగ్గర.

ఇక అసలు కిటుకు: వాదర పక్కన రెండువైపులా మార్కర్ పెన్నుతో రంగు పూసి, ఒక్కోవైపు రెండుసార్లు లాగి, రంగు ఎక్కడ పోయిందో చూడండి. చూసి ఇక్కడ చెప్పండి.

అడిగినవారు:
పూశానండీ. నడిమి భాగంలో సరిగ్గా వాదర చివరనే రంగు పోయింది, పైన అలాగే ఉంది. మొన దగ్గర కుడివైపు అసలు చెక్కుచెదరలేదు!

అదే సభ్యుడు:
దొరికింది దొంగ. కోణం ఎక్కువైంది, కత్తి వీపుని రాడ్ వైపు కొంచెం వాల్చండి. రంగు వాదర దగ్గర ఉండిపోయి పైనెక్కడో పోయుంటే ఉల్టాగా, వీపుని దూరం జరపాలి.

మొన సంగతి వేరే. అక్కడ వాదర వంపు తిరుగుతుంది కాబట్టి, లాగుతూ చివరికొచ్చేసరికి పిడిని కాస్త పైకెత్తాలి. లేకపోతే మొనకి రాడ్ తగలనే తగలదు. అలాగని మొనను రాడ్ దాటించి విసురుగా లాగేయకండి, గుండ్రబడిపోతుంది. మొన ఇంకా రాడ్ మీద ఉండగానే ఆపాలి. నేనూ మొదట్లో సినిమా వంటవాళ్లలా చకచకా ఆడించి రెండు కత్తుల మొనలు పాడుచేసుకున్నాను.

బరువు? కత్తి సొంత బరువు చాలు. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ, వైపుకి నాలుగైదు. కాగితం మీద చూసి, కావాలంటేనే ఇంకో రెండు.

మరొకరు:
ఒక్క మాట కలుపుతున్నా. రాక్‌వెల్ (లోహం గట్టిదనాన్ని కొలిచే లెక్క) 60 దాటిన గట్టి స్టీలు కత్తుల్ని గీతల స్టీలు రాడ్ మీద పెట్టొద్దు, వాదర పెచ్చులూడుతుంది. వాటికి సిరామిక్కే. రంపపు పళ్ల కత్తికి ఇలా లాగే పద్ధతి పనికిరాదు.

అడిగినవారు:
సిరామిక్ మీద వైపుకి ఆరు లాగాను. కాగితం పిడి నుంచి మొన దాకా ఆగకుండా దిగింది! తెల్ల రాడ్ మాత్రం నల్లచారలు పడింది. అరిగిపోయిందా?

ఆ సభ్యుడే:
అది మీ కత్తి రజనే. రాడ్ సందులు ఆ రజనుతో పూడితే పట్టు పోతుంది. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్దండి, పోతుంది. కింద పడేయకండి, సిరామిక్ గాజులా విరుగుతుంది. కత్తిని కూడా తడిగుడ్డతో తుడిచాకే వాడండి. ఇలా ఎన్ని లాగినా పదును రాని రోజొకటి వస్తుంది, అప్పుడు మొదటాయన చెప్పిన సానరాయి తీయండి.