మధుకామిని కరివేపాకు చుట్టమేనా? పైగా కరివేపాకుకీ నిమ్మకీ ఒకటే పురుగు

బెజవాడ_డాబా:
అందరికీ నమస్తే. మాది సత్యనారాయణపురం, డాబా మీద కుండీల్లో పెంచుకుంటాను. పోయిన నెల కడియం మొక్కల బండి మా వీధిలోకి వస్తే మధుకామిని అనే పూలమొక్క కొన్నా. మా అత్తయ్యగారు చూసి ఇది కరివేపాకు జాతే అంటున్నారు, కానీ ఆకు నలిపితే ఆ వాసన లేదు. అసలు బాధేంటంటే నిమ్మ, కరివేపాకు పక్కపక్కనే ఉన్నాయి, రెండిటి మీదా పిట్ట రెట్టలా ఉండే పురుగులు పడి రెండ్రోజుల్లో చిగుర్లన్నీ తినేసి ఈనెలు మిగిల్చాయి. మొక్కలతను మందు కొట్టమన్నాడు, రోజూ పోపులో వేసే ఆకు మీద మందు కొట్టడానికి నాకు మనసు ఒప్పట్లేదు.

గుంటూరు_పెరడు:
అత్తయ్యగారు చెప్పింది నిజమేనండి, రెండూ నిమ్మ కుటుంబమే. చాలాకాలం రెండిటినీ మురాయా అనే ఒకే ప్రజాతిలో (దగ్గరి చుట్టాల గుంపులో) ఉంచారు. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ 1771లో కరివేపాకుకి బెర్గెరా కోనిగీ అని పేరు పెడితే 1825లో మురాయాలోకి మార్చారు, ఇప్పుడు చాలామంది మళ్ళీ బెర్గెరా అనే రాస్తున్నారు, కామిని మాత్రం మురాయాలోనే ఉంది. ఆ శాస్త్రీయ నామంలో రెండో పేరు కోనిగీ అన్నది కోనిగ్ అనే వైద్యుడిది, తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో పనిచేస్తూ మొక్కలు సేకరించేవాడు, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే పోయాడు. రోజూ తాలింపులో వేసే ఆకు పేరులో మన నేల మీద పోయిన మనిషి ఉన్నాడని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.
కామినికి రెమ్మకి ఆకులు తక్కువ, నున్నగా మెరుస్తాయి, కాయ ఎర్రగా పండుద్ది. కరివేపాకు కాయ నల్లగా పండుద్ది. కామిని ఆకు కూరలో వేయకండి. చుట్టరికం కళ్ళతో చూడాలంటే ఆకుని ఎండకి అడ్డం పెట్టండి, సూదితో పొడిచినట్టు చుక్కలు కనపడతాయి, అవి నూనె తిత్తులు. మారేడు, వెలగ ఆకుల్లోనూ ఉంటాయి.

మంగళగిరి_రైతుబిడ్డ:
అక్కా మందు జోలికి పోవద్దు. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల, చిన్నప్పుడు రెట్టలా ఉండి తర్వాత పచ్చగా మారుద్ది, ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటు వాసన వదులుద్ది, భయపడకండి కుట్టదు. లేత చిగురు మీద ఆవగింజంత పసుపు గుడ్లు ఒక్కొక్కటే పెడుద్ది కాబట్టి రోజూ పొద్దున్నే చిగుర్లు తిరగేసి చూసి ఏరేయండి, కుండీలకి అదే చాలు. మోడైన కొమ్మల్ని కొంచెం కత్తిరిస్తే పక్క నుంచి మళ్ళీ వస్తాయి. ఇంకోటి, కామిని కుండీ నిమ్మకి దూరంగా పెట్టండి, నిమ్మ బత్తాయిలకి గ్రీనింగ్ తెగులు మోసే చిన్న రసం పీల్చే పురుగు ఉంది, దానికి కామిని అంటే మహా ఇష్టం.

బెజవాడ_డాబా:
చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. ఇప్పుడే పైకెళ్ళి చూశా, చుక్కలు మూడు ఆకుల్లోనూ కనపడ్డాయి, అత్తయ్యగారిక్కూడా చూపించా. కామినిని మెట్ల దగ్గరికి మార్చేశా. పురుగులు పద్నాలుగు దొరికాయి, ఒకటి కొమ్ములు చాపింది కూడా! పన్నెండు తీసేసి రెండిటిని మాత్రం నిమ్మ కొమ్మ మీద వదిలా, మా పాప సీతాకోకచిలుక అయ్యేదాకా చూస్తానంటోంది.