విడిపోయాక కూడా లాస్ట్ సీన్ చూడటం ఆగట్లేదంటే ఏం చేయాలి?

కృష్ణలంక_కుర్రాడు: బంధం ముగిసింది, మాటలూ ఆగిపోయాయి. అయినా రోజంతా తన లాస్ట్ సీన్, స్టేటస్, ఇన్‌స్టా స్టోరీలే చూస్తూ కూర్చునేవాళ్లకి ఏం చెప్తారు? "ధైర్యంగా ఉండు" అని కాకుండా, ఇవాళే మొదలుపెట్టగలిగేది చెప్పండి.

నిశాంత_హన్మకొండ: ఎందుకు ఆగదో ముందు తెలియాలి. తొమ్మిదిసార్లు చూస్తే ఏమీ ఉండదు, పదోసారి డీపీ మారి ఉంటుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఫలితమే అలవాటును గట్టిగా బిగిస్తుందని సైకాలజిస్ట్ బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాల్లో తేల్చాడు. "రోజుకి ఒక్కసారే చూస్తా" అనే ఒప్పందం అందుకే నిలవదు. పూర్తిగా మానేయడమే తేలిక.

మానేసిన కొత్తలో తహతహ తగ్గకపోగా పెరగొచ్చు. సైకాలజీలో దీన్ని ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అంటారు. చాలామంది సరిగ్గా ఇక్కడే "నా వల్ల కాదు" అని చూసేస్తారు. అప్పుడు లొంగితే, ఇంకాస్త గింజుకుంటే దొరుకుతుందని మనసుకి నేర్పినట్టే. మళ్లీసారి ఇంకా మొండికేస్తుంది.

లత_కూకట్‌పల్లి: ఫోన్ సంగతి నేను చెప్తా. వాట్సాప్ ప్రైవసీలో మీ లాస్ట్ సీన్‌ని 'నోబడీ' చేసి, ఆన్‌లైన్‌కి 'సేమ్ యాజ్ లాస్ట్ సీన్' పెట్టండి. మీది దాస్తే అవతలివాళ్లదీ మీకు కనబడదు. స్టేటస్ మ్యూట్ చేయండి. చాట్ ఆర్కైవ్ చేస్తే సరిపోదు, 'కీప్ చాట్స్ ఆర్కైవ్డ్' కూడా ఆన్‌లో ఉండాలి, లేకపోతే కొత్త మెసేజ్ రాగానే పైకొచ్చేస్తుంది.

కోపంలో చాట్ డిలీట్ చేయొద్దు, తెల్లారాక బ్యాకప్ కోసం వెతుకులాట మొదలవుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టాక ఫోన్‌లోంచి తీసేయండి. అందరూ మర్చిపోయేది గూగుల్ ఫొటోస్. మెమొరీస్ సెట్టింగ్స్‌లో ఆ ముఖాన్ని దాచకపోతే ఏదో ఒక పొద్దున పాత టూర్ ఫొటో ముందుకొస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు: సెట్టింగ్స్ సరే లత గారూ, రాత్రి పదకొండింటికి చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోతే?

నిశాంత_హన్మకొండ: "తలుచుకోకూడదు" అని మాత్రం అనుకోవద్దు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దంటే అదే పదేపదే గుర్తొస్తుందని సైకాలజిస్ట్ డేనియల్ వెగ్నర్ బృందం 1987లో చూపించింది. తహతహని అణచకుండా, అల లేచి దిగేదాకా చూసినట్టు చూడమంటాడు వ్యసనాల మీద పనిచేసిన అలన్ మార్లాట్.

ఫోన్ వేరే గదిలో పెట్టి, గోడ గడియారం కనబడేలా కూర్చోండి. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించండి: గొంతు పట్టేసిందా, గుండె బరువెక్కిందా, అరచేతులు చెమర్చాయా. పదికి ఎంతుందో కాగితం మీద వేయండి, ఐదు నిమిషాలకోసారి మళ్లీ వేయండి. 8, 9, 9, 6, 4... మామూలుగా ఇలా ఎక్కి దిగుతుంది. దిగడం ఒకసారి కళ్లారా చూస్తే మర్నాటి రాత్రి భయం తగ్గుతుంది. ఆ కాగితాలు పారేయకండి.

రమణ_భీమవరం: తమ్ముడూ, అలారం కోసమని ఫోన్ తలగడ పక్కన పెట్టుకోకు, ఒక అలారం గడియారం కొనుక్కో. ఇద్దరూ మాట్లాడుకునే వేళని ఖాళీగా వదలొద్దు, సరిగ్గా ఆ గంటకే షటిల్‌కో నడకకో మనిషిని మాట్లాడి పెట్టుకో, ఒంటరిగా అయితే ఎగ్గొడతావు. ఇద్దరికీ తెలిసిన స్నేహితులకి ఒక్కటే మాట: "తన కబుర్లు నాకొద్దు, నావి తనకి చేర్చొద్దు." ఒకే ఆఫీసైతే పని మాటలు మెయిల్లోనే.

లత_కూకట్‌పల్లి: రమణ గారు చెప్పిన స్నేహితుల మాట ముఖ్యం, సగం కబుర్లు అటునుంచే వస్తాయి. ఇంకో రెండు. రెండు వారాలైనా నిద్ర, తిండి, పని దారిలో పడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే రెండు వారాలు ఆగొద్దు, అప్పుడే చేయండి. అవతలివాళ్లు బెదిరిస్తుంటే మాత్రం నేను పైన చెప్పినట్టు చాట్ తీసేయకండి. తేదీ, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లో ఒకరికి పంపండి, ప్రమాదం అనిపిస్తే 112.