వెండి అతుకులకు కాడ్మియం టంకం: పూర్తిగా మానేయాలా, జాగ్రత్తగా వాడుకోవచ్చా?

గజ్జెల పని, కరీంనగర్
అందరికీ నమస్తే. మా తమ్ముడికీ నాకూ పదిహేను రోజులుగా ఇదే గొడవ. మేం పట్టీలు, మెట్టెలు, ఉగ్గుగిన్నెలు చేస్తాం. బయట కొనే టంకం రేకులో కాడ్మియం అనే లోహం ఉంటుంది. మంట తగలగానే నీళ్లలా పారుతుందని వాడికి అదే కావాలి. నేను మానేద్దామంటున్నాను.

పోయిన వానాకాలం జల్లు కొడుతోందని కిటికీ మూసుకుని, చీకటి పడేదాకా గజ్జెలకు అతుకులు పెట్టాను. పని చేస్తున్నంతసేపూ ఏమీ తెలియలేదు. రాత్రి పడుకున్నాక చలి, ఒళ్లునొప్పులు, ఛాతీ పట్టేసిన దగ్గు. ఏదో జ్వరమనుకుని మాత్ర వేసుకున్నాను. తెల్లారి చూస్తే మంట పెట్టే ఇటుక మీద గోధుమరంగు పొడి పేరుకుని ఉంది. అప్పటినుంచి నాకు భయం పట్టుకుంది. మీరేమంటారు?

పాత టార్చ్
అన్నా, నేను ముప్పై ఏళ్లుగా అదే వాడుతున్నాను. తలుపులు తీసి పెట్టుకుంటే ఏమీ కాదు. మీరు మర్చిపోతున్నదేంటంటే, వెండి అంత తొందరగా వేడిని పాకించే లోహం ఇంకోటి లేదు. బంగారమైతే అతుకు దగ్గర మంట చూపిస్తే చాలు, వెండికి వస్తువు మొత్తం కాగాలి. ఒక మువ్వ అతుకుతుంటే పక్క మువ్వ ఊడొస్తుంది. సన్న కొక్కెం కరిగి ముద్దయిందంటే ఆ నష్టం షాపువాడు భరించడు, మన కూలిలోనే కోస్తాడు. తక్కువ వేడికి పారే టంకం మాకు సుఖం కాదు, కూడు.

హైదరాబాద్ వర్క్‌బెంచ్
పాత టార్చ్ గారూ, మీ కష్టం నిజమే. కానీ లెక్క ఒకసారి చూడండి. 45 శాతం వెండి, 24 శాతం కాడ్మియం ఉన్న టంకం 618 డిగ్రీలకు పూర్తిగా కరుగుతుంది. కాడ్మియం బదులు 5 శాతం తగరం కలిపిన 56 శాతం వెండి టంకం 652కి కరుగుతుంది. తేడా 34 డిగ్రీలే. నగలకు వాడే 92.5 శాతం వెండి కరగడం మొదలయ్యేదే 800 దగ్గర. అంటే కొత్త టంకంతోనూ మీకు దాదాపు 150 డిగ్రీల వెసులుబాటు ఉంది.

ఇక ప్రమాదం సంగతి. కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది, టార్చ్ మంట వేడి అంతకన్నా చాలా ఎక్కువ. రేకు మీద నేరుగా మంట పడితే అది పొగై లేస్తుంది. ఇటుక మీద గోధుమరంగు పొడి ఎక్కువగా దానిదే అయి ఉంటుంది. ఆ పొగ పీల్చినప్పుడు గొంతు పెద్దగా మండకపోవచ్చు, కొన్ని గంటలయ్యాక జ్వరంలా వస్తుంది. అందుకే ఎవరూ టంకాన్ని అనుమానించరు. ఒంట్లో చేరిన కాడ్మియం ఏళ్ల తరబడి కిడ్నీల్లో ఉండిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లోనే దాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. యూరప్‌లో 2011 డిసెంబరు నుంచి, కొన్ని ప్రత్యేక అవసరాలకు తప్ప, నగల్లోనూ అతుకు లోహాల్లోనూ 0.01 శాతం దాటకూడదు. తలుపు తీసినంత మాత్రాన, మూతికి గుడ్డ కట్టుకున్నంత మాత్రాన ఆగే పొగ కాదిది.

పాత టార్చ్
లెక్క బాగానే ఉంది. కానీ 45 శాతం దగ్గర 56 శాతం అంటే ఆ పదకొండు పాళ్ల వెండి ఎవరు పెట్టుకోవాలి? ధర ఇప్పుడున్న తీరుకి?

మెట్టెలు కొనే అక్క
నాదొక ప్రశ్న. కాళ్లకు పెట్టుకునేవాళ్లకూ ప్రమాదమేనా?

హైదరాబాద్ వర్క్‌బెంచ్
అక్కా, అతుకులో గట్టిపడ్డ లోహం పొగ కాదు, పట్టీలకు పెద్దగా భయపడక్కర్లేదు. నాకు దిగులు ఉగ్గుగిన్నెల గురించి. పసిపిల్ల నోట్లో పెట్టుకునే వస్తువు అది. గొట్టం మూతి, పిడి అతికేది టంకంతోనే. మొలతాడు మువ్వనైనా పిల్లలు చప్పరించకుండా ఉండరు. అక్కడ కాడ్మియం ఒక్క రవ్వ కూడా ఉండకూడదు. దీనిమీద నేను బేరమాడను.

పాత టార్చ్ గారికి ఇంకో మాట. 100 గ్రాముల పట్టీల్లో 6 గ్రాములు టంకమే అనుకోండి. 45 శాతం టంకమైతే వస్తువు మొత్తం కరిగిస్తే 89.65 శాతం వెండి వస్తుంది. 56తో 90.31, 75 శాతం గట్టి టంకంతో 91.45. పైన 92.5 ముద్ర కొట్టి అమ్ముతాం కదా, పాత పట్టీలు మార్చడానికి వచ్చినప్పుడు టంచ్‌లో, అంటే స్వచ్ఛత పరీక్షలో, తగ్గి మాట పడేది మనమే. 2025 సెప్టెంబరు నుంచి వెండికీ హెచ్‌యూఐడీ (ఒక్కో వస్తువుకు ఒక్కో గుర్తింపు సంఖ్య) ఉన్న హాల్‌మార్క్ వచ్చింది. తప్పనిసరి చేయలేదు కానీ, కొనేవాళ్లు అడగడం మొదలుపెడతారు.

తీగ పని
అన్నలూ, మా వెండి తీగ పనిలో వందల అతుకులుంటాయి. నేను చేసేది చెప్తాను. ముందు అతుకులు 75 టంకంతో పెడతాను. అవి మళ్లీ కరగకుండా కావిమట్టి నీళ్లలో కలిపి పూత పూస్తాను. తర్వాతి అతుకులకు తక్కువ వేడి టంకం. టంకం బాగా పారడానికి వెలిగారం మెత్తగా నూరి రాసి, మంట దూరంనుంచి వస్తువంతా తిప్పుతూ కాచాలి. వెలిగారం ముందు పాలపొంగులా లేస్తుంది, తర్వాత అణిగి గాజులా మెరుస్తుంది. అప్పుడే మంట దగ్గరికి తేవాలి. టంకం ముక్క ఒక్కసారి వణికి, అతుకు వెంట తెల్లటి గీతలా పరుగెత్తుతుంది. ఆ క్షణంలో మంట తీసేయాలి. కొక్కేలు కరగడానికి సగం కారణం టంకాన్ని కాల్చడమే. వెండి కాగితే టంకం దానంతట అదే వస్తుంది.

పాత టార్చ్
కావిపూత మా నాయన కూడా పూసేవాడు, తమ్ముడూ. తొందర పనుల్లో మేమే మానేశాం. సరే, పిల్లల వస్తువులకు ఇవాళ్టినుంచి వాడను. పట్టీల విషయంలో మాత్రం షాపువాళ్లు జతకింత అని ఇచ్చే రేటు పెంచకుండా నన్ను మారమంటే కుదరదు. ఆ మాట షాపుల దగ్గరా అడగండి.

గజ్జెల పని, కరీంనగర్
ఇదంతా తమ్ముడికి చదివి వినిపించాను. 56 టంకం పావుకిలో తెప్పించాం. పొగ బయటికి లాగే ఫ్యాన్ బల్ల ఎదురుగా గోడకు పెట్టించాను, ఇన్నాళ్లూ వీపు వెనక టేబుల్ ఫ్యాన్ ఉండేది, అది పొగను గదంతా తిప్పేది. నిన్న వాడు కొత్త రేకుతో రెండు ఉగ్గుగిన్నెలు అతికాడు. ఒకదానికి గొట్టం దగ్గర కరగలేదు, మళ్లీ కాచాడు. రెండోది ఒక్కసారికే పారింది. పాత టార్చ్ అన్నా, రేటు సంగతి షాపులో నేనూ అడుగుతాను. మీ ఊళ్లో ఇప్పుడు జతకు ఎంతిస్తున్నారో చెప్తారా?