9 లక్షలు తిరిగిన లారీకి ఇంజన్ పని చేయించాలా?

అన్నలూ, నాది 2012 మోడల్ పది టైర్ల లారీ. మీటరు 9 లక్షల కిలోమీటర్లు దాటింది. టెక్కలి నుంచి విశాఖ పోర్టుకి గ్రానైట్ తోలుతాను. రెండు నెలలుగా ఇంజన్ ఆయిల్ తాగేస్తోంది, వెయ్యి కిలోమీటర్లకి 3 లీటర్లు పోస్తున్నా. ఎక్సలేటర్ నొక్కితే నీలం పొగ. మా మెకానిక్ చూడగానే "మొత్తం విప్పేయాలి, రెండు లక్షల పైమాటే" అన్నాడు. చాసిస్ గట్టిగానే ఉంది, కిస్తీలు అయిపోయాయి. ఇంట్లో మాత్రం అమ్మేయమంటున్నారు. నిద్ర పట్టట్లేదు.

బొబ్బిలి నుంచి:
తొందరపడకు తమ్ముడూ. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తియ్యి. పొగ గుప్పుగుప్పున తన్నితే రింగులు (పిస్టన్ చుట్టూ ఉండేవి), లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) అరిగినట్టే. అలా లేకపోతే టర్బో (ఇంజన్లోకి గాలి నెట్టే భాగం) పైపు విప్పి చూడు. ఆయిల్ కారుతుంటే తప్పు దానిదే కావచ్చు. నేను అది చూడక ఇంజన్ మొత్తం విప్పించాను. పోయింది టర్బో సీలు! మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

నరసన్నపేట నుంచి:
ఒకవేళ విప్పితే రింగులతో సరిపెట్టకండి. అరిగిన లైనర్లో కొత్త రింగులు సరిగా కూర్చోవు. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) కొలత వేయించాకే దాని బేరింగులు కొనండి. బండి ఆగిన రోజుల కిరాయి కూడా లెక్కలో వేసుకోండి.

అడిగినాయన:
మూత తీశా, పొగ పెద్దగా తన్నలేదు. టర్బో పైపులో వేలు పెడితే ఆయిలే ఆయిలు. సోమవారం టర్బో ఒక్కటే విప్పిస్తున్నా. అమ్మకం మాట అంతవరకూ ఎత్తొద్దని ఇంట్లో చెప్పేశా.