బీసీజీ జరుగుతుండగా తిప్పతీగ రసం ఇవ్వచ్చా?

కొర్లగుంట అబ్బాయి:
మా నాయనకు మూత్రాశయంలో క్యాన్సర్. గడ్డ తీసేశారు. వారానికోసారి బీసీజీ మందు (టీబీ టీకాలో వాడేదే) మూత్రాశయంలోకే ఎక్కిస్తున్నారు, ఆరింట్లో రెండు అయినాయి. మా పెద్దనాయన చంద్రగిరి నుంచి తిప్పతీగ రసం సీసాలో తెచ్చి, పరగడుపున తాగితే క్యాన్సర్ కణాల్ని చంపే ఎన్‌కే కణాలకు (ఒక రకం తెల్లరక్తకణాలంట) బలమొస్తుందంటున్నాడు. ఇవ్వచ్చా?

పీలేరు వైద్యం:
ఇవ్వండి. మా ఇంట్లో మూడు తరాలుగా వాడుతున్నాం. తిప్పతీగ సారంతో ఎన్‌కే కణాల చురుకు పెరగడం ల్యాబుల్లోనూ చూశారు. 2021లో ముంబై డాక్టర్లు లివర్ దెబ్బతిందని రాస్తే, వాళ్ల రోగులు తాగింది అసలు తిప్పతీగేనా అని ఆయుష్ శాఖే అడిగింది.

ఎమ్మార్‌పల్లి ల్యాబ్ అక్క:
తమ్ముడూ, ఇప్పుడు మాత్రం ఇవ్వద్దు.

నేను రోజూ రక్తం స్లైడ్లు చూస్తా. లీష్మన్ రంగు వేశాక, మామూలు లింఫోసైట్ల (ఒక రకం తెల్లరక్తకణాల) మధ్య ఒక్కోటి పెద్దగా, లేత నీలంగా, లోపల ఎర్రటి నలుసులతో కనిపిస్తుంది. అలాంటివి చాలావరకు ఎన్‌కే కణాలే. ఆ నలుసుల్లోనే దాని ఆయుధాలుంటాయి. శత్రుకణానికి అతుక్కోగానే నలుసులన్నీ ఆ పక్కకే చేరతాయి. వాటిలోని పెర్ఫోరిన్ అనే ప్రోటీన్ దారి చేస్తే, గ్రాంజైమ్‌లనే ప్రోటీన్లు లోపలికెళ్లి చంపుతాయి. రోగనిరోధక కణాలను ఉసిగొల్పే ఐఎల్-2 అనే ప్రోటీన్ తగిలితే ఎన్‌కే కణం ఉబ్బుతుంది, నలుసులు పెరుగుతాయి, అంతకుముందు వదిలేసిన క్యాన్సర్ కణాలను కూడా చంపుతుంది. అమెరికాలో 1992లో కిడ్నీ క్యాన్సర్‌కు ఈ ఐఎల్-2ను మందుగా అనుమతించారు. కానీ ఎక్కువ డోసులో రక్తనాళాల్లోంచి నీరు కారి బీపీ పడిపోతుంది, పక్కనే ఉండి కనిపెట్టుకోవాలి. చురుకు పెరిగినంత మాత్రాన మేలు జరిగినట్టు కాదు.

మీ నాయనకు ఎక్కిస్తున్న బీసీజీ కూడా ఉత్తేజకమే. గడ్డ ఉన్నచోటికే రోగనిరోధక కణాలను రప్పిస్తుంది, వాటిలో ఎన్‌కే కణాలూ ఉంటాయి. 2024లో అమెరికా అనుమతించిన ఐఎల్-15 (ఐఎల్-2 లాంటిదే) రకం మందు కూడా బీసీజీతో కలిపి మూత్రాశయంలోకే ఎక్కించేది. తాగిన రసంలో ఏది అరిగి, ఏది అక్కడిదాకా చేరుతుందో ఎట్లా లెక్కేస్తాం?

పీలేరు అన్నా, ఆయుష్ అడిగింది న్యాయమే. కానీ అదే ప్రశ్న ఈ సీసాకూ వర్తిస్తుంది కదా, లోపలున్నది ఏ తీగో ఎవరు చూశారు?

నా భయం ఇంకొకటి. బీసీజీ వల్ల కూడా అరుదుగా లివర్‌కు వాపు వస్తుంది. నాలుగో వారం రిపోర్టులో అంకెలు పెరిగితే, కారణం మందా, రసమా? తేలేదాకా బీసీజీ ఆపేస్తారు. ఆ ఆలస్యం మీ నాయనకు నష్టం.

కొర్లగుంట అబ్బాయి:
అక్కా, నిన్న ఒక గ్లాసు తాగేశాడు.

ఎమ్మార్‌పల్లి ల్యాబ్ అక్క:
కంగారు పడద్దు. మూడో డోసుకు వెళ్లేటప్పుడు సీసా తీసుకెళ్లి డాక్టరుకు చూపించు. దాచద్దు. డోసుకు ముందే లివర్ టెస్ట్ చేయించాలా అని కూడా అడుగు.