సమన్లలో ఒరిజినల్ రిజిస్టరు అడిగారు, పంపొచ్చా?

ప్రశ్న – కొత్తసీటు:
హైదరాబాద్‌లో ఒక రాష్ట్ర యూనివర్సిటీ లీగల్ సెల్‌లో సీటు ఇచ్చారు. సిటీ సివిల్ కోర్టు నుంచి రిజిస్ట్రార్ గారి పేరిట సమన్లు వచ్చాయి. అన్నదమ్ముల ఆస్తి దావాలో ఒకాయన పుట్టినతేదీ కోసం 1994 అడ్మిషన్ రిజిస్టరు ఒరిజినల్ తెమ్మన్నారు. మనం పార్టీ కాదు. రిజిస్ట్రార్ గారే వెళ్లాలా? మరోపక్క ఒక విద్యార్థిని పరీక్షకు కూర్చోనివ్వమని హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఎత్తేయమని మనం వేసే వెకేట్ పిటిషన్ తేలేదాకా ఆగుదామంటోంది ఎగ్జామినేషన్ బ్రాంచి. ఆగొచ్చా సార్?

జవాబు – రికార్డుగది:
సమన్లు పూర్తిగా చదవండి. సాక్ష్యం చెప్పమన్నారా, పత్రం తెమ్మన్నారా అన్నది చూడాలి. పత్రం మాత్రమే అయితే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 16 రూల్ 6 ప్రకారం వేరొకరితో దాఖలు చేయిస్తే చాలు. సూపరింటెండెంటుకి ఆథరైజేషన్ లెటర్ ఇచ్చి పంపండి. పత్రం అందించినంత మాత్రాన ఆయన సాక్షి అయిపోడు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదు.

ఒరిజినల్ తీసుకెళ్లండి గానీ వదిలేసి రావద్దు. ఆ పేజీ అటెస్టెడ్ కాపీ వెంట పెట్టుకుని, పోల్చి చూసుకుని ఒరిజినల్ వాపసు ఇవ్వమని ఆర్డర్ 13 రూల్ 5 కింద కోరండి. కోర్టు ఉంచుకుంటానంటే రసీదు తప్పనిసరి. బీరువాలో రిజిస్టరు తీసిన ఖాళీలో కేసు నంబరు, వాయిదా తేదీ రాసిన అట్టముక్క పెట్టండి. లేకపోతే ఏడాది తర్వాత రిజిస్టరు ఏమైందో ఎవరికీ తెలియదు.

అడిగింది ఒక్క ఎంట్రీ అయితే నోట్‌ఫైలుతో (ఆఫీసు లోపలి రాతలు) సహా మొత్తం కట్టకట్టి పంపేస్తుంటారు. ఆ పని అస్సలు చేయకండి. రికార్డు దొరక్కపోతే "లభ్యం కాలేదు" అని ఒక్క ముక్కతో సరిపెట్టొద్దు. ఎక్కడెక్కడ వెతికారో, ధ్వంసం చేసి ఉంటే ఏ ఉత్తర్వుతో చేశారో రాయండి.

జవాబు – పేరావారీ:
రెండోదానికి: ఆగకూడదు. వెకేట్ పిటిషన్ వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగదు. ఈలోపు పరీక్ష జరిగిపోతే కోర్టు ధిక్కరణ కేసు రిజిస్ట్రార్ గారి మెడకు చుట్టుకుంటుంది. "రిట్ (ఆ విద్యార్థి హైకోర్టులో వేసిన పిటిషన్) తుది తీర్పుకు లోబడి" అని రాసి ఈరోజే హాల్‌టికెట్ ఇచ్చేయండి. ఫలితం ఆపమని ఉత్తర్వులో లేకపోతే సొంతంగా ఆపొద్దు.

మన వాదన వినకుండా, కాగితాలు ఇవ్వకుండా ఇచ్చిన ఉత్తర్వయితే రాజ్యాంగం 226(3) అధికరణ కింద వెకేట్ పిటిషన్‌ను రెండు వారాల్లో తేల్చాలి. స్టాండింగ్ కౌన్సిల్ (యూనివర్సిటీ తరఫు లాయరు) హాజరై వాదించి ఉంటే ఆ గడువు మీద ఆశ పెట్టుకోకండి.

కౌంటర్ (కోర్టుకు మన జవాబు) వేయడంలో ఆలస్యమంతా పేరావారీ రిమార్కుల దగ్గరే. విద్యార్థి అఫిడవిట్‌లోని ప్రతి పేరాకీ ఒప్పుకుంటున్నామా, కాదంటున్నామా, ఆధారం ఫైల్లో ఏ పేజీ అన్నది ఉండాలి. "రూల్సు ప్రకారమే చేశాం" అని రాసి పంపితే దాంతో కౌన్సిల్ కౌంటర్ తయారుచేయలేరు.

జవాబు – మార్కులసర్వర్:
ఒక్క మాట కలుపుతాను. కంప్యూటర్ నుంచి తీసిన మార్కుల ప్రింటవుట్ దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జత చేయాలి. పాత ఎవిడెన్స్ యాక్ట్ 65బీ సర్టిఫికెట్ నమూనానే వాడుతున్నారు, పనికిరాదు. 2024 జులై 1 నుంచి వచ్చిన నమూనాలో రెండు భాగాలున్నాయి. రెండోది నిపుణుడు సంతకం చేయాలి, హ్యాష్ విలువ (ఫైలు నుంచి లెక్కకట్టే, వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. ఫైలు తీసిన వెంటనే హ్యాష్ నోట్ చేసుకోండి. తర్వాత ఆ ఫైలు తెరిచి ఒక్క అక్షరం మార్చి సేవ్ చేసినా విలువ కలవదు.